‘ప్రభువు సెలవిస్తున్నాడు’ అని ఎవరైనా అంటే పరీక్షించడం ఎలా?

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఉండే మన తెలుగువాళ్ళకి ఆదివారం కూటాలకి కొదవ లేదు. మూడో అంతస్తులో అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు. చివర్లో పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ఇక్కడ ఒక తమ్ముడున్నాడు, మూడు నెలల్లో నీకు విదేశీ ద్వారం తెరుస్తానని ప్రభువు సెలవిస్తున్నాడు" అంటారు. ఐటీ ఉద్యోగులతో నిండిన హాల్లో అలాంటి తమ్ముడు ఉండకపోతేనే ఆశ్చర్యం! నా రూమ్మేటు అది తనకే అనుకున్నాడు.

పరీక్షిస్తే పాపమేమోనని భయపడకండి. ప్రవచనాలను తేలిగ్గా చూడొద్దన్న పౌలే, వెంటనే అన్నిటినీ పరీక్షించమన్నాడు (1 థెస్స. 5:20-21).

ముందు చేయాల్సింది, విన్నది విన్నట్టు అదే రోజు రాసుకోవడం. తేదీ, గడువు, అన్న మాటలు అన్నీ. ఇది చిన్న పనే, కానీ సగం విషయం ఇక్కడే తేలిపోతుంది. ఎందుకంటే గడువు దాటాక మాట మారుతుంది. మావాడి విషయంలో విదేశీ ద్వారం కాస్తా మొదట ‘ఆత్మీయ ద్వారం’ అయింది, ఆ తర్వాత ‘నీ విశ్వాసం చాలలేదు’ అయింది. యెహోవా పేరున చెప్పింది జరగకపోతే అది ఆయన మాట కాదని ద్వితీయోపదేశకాండం 18:22 సూటిగా చెబుతుంది. వినేవాడి విశ్వాసం ఊసే అక్కడ లేదు. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21న తీర్పు దినమన్నాడు. ఆ రోజు గడిచాక తీర్పు ఆత్మీయంగా జరిగిపోయిందనీ, లోకాంతం అక్టోబరు 21న అనీ అన్నాడు. అదీ గడిచింది. మరుసటి ఏడాది, తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. అసలు ఆ దినం కుమారునికే తెలియదని మార్కు 13:32లో ఉండగా, తేదీ చెప్పేవాళ్ళ దగ్గర ఆగాల్సిన పనే లేదు.

మరి నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని యోనా చెప్పాడు కదా, కాలేదే అంటారా? అది హెచ్చరిక. జనం పశ్చాత్తాపపడ్డారు, దేవుడు కనికరించాడు. ఆన్‌సైట్‌కి, అంటే విదేశంలో పనిచేసే అవకాశానికి, ఆ లెక్క వర్తించదు.

చెప్పింది జరిగినా అక్కడితో నమ్మేయకూడదు. సూచన నెరవేరినా, వేరే దేవుళ్ళ వైపు లాగేవాడి మాట వినొద్దని ద్వితీయోపదేశకాండం 13 అంటుంది. కాబట్టి యేసు గురించి ఏం చెబుతున్నారు, తమ గుంపులో ఉంటేనే రక్షణ అంటున్నారా, బైబిలుతో సమానంగా ఇంకో పుస్తకం పెడుతున్నారా అని చూడండి.

డబ్బు ఎటు పోతోందో కూడా చూడాలి. కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ విశ్వాసులు చందాలు వేసుకుని యూదయలోని సోదరులకు పంపారు (అపొ. 11:28-30). మావాణ్ణి మాత్రం ప్రవచనం నెరవేరాలంటే పదివేలు ‘విత్తనం’, అంటే కానుక, వేయమన్నారు.

తర్వాత మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. ప్రవక్తలు మాట్లాడితే మిగతావాళ్ళు వివేచించాలన్నది 1 కొరింథీ 14:29. "అభిషిక్తులను ముట్టకూడదు" అని నోరు మూయించబోతే, ఆ మాట ఉన్న 105వ కీర్తన తెరిచి మొత్తం చదవండి. అక్కడ దేవుడు గద్దించింది రాజులను. కాపాడింది ఊరూరా తిరిగే కొద్దిమంది పరదేశులను. పాస్టరుగారిని ప్రశ్న అడిగిన విశ్వాసి అందులో ఎక్కడా కనిపించడు.

ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. ఊళ్ళో మీ సంఘ పెద్దకి ఫోన్ చేసి, రాసుకున్నది చదివి వినిపించండి. ప్రవచన వరం ఈ రోజుల్లో ఉందా లేదా అన్న దాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి. ఉందనేవాళ్ళు కూడా పరీక్షించొద్దని చెప్పరు.

నాలుగో నెలలో మావాడు తన నోటుబుక్కు పట్టుకెళ్ళి కూటం నడిపే అన్నకి చూపించాడు. ఆయన రెండు పేజీలు తిప్పి, "ఇవన్నీ రాసుకోవడం ఎందుకు తమ్ముడూ?" అన్నాడట. మరుసటి ఆదివారం మావాడు నాతో పాటు వేరే సంఘానికి వచ్చాడు. నోటుబుక్కు చేతిలోనే ఉంది.