బోరునీళ్లతో మసకబారిన గ్లిజరిన్ సబ్బు: నా అనుభవం

కనిగిరిలో మా చిన్న యూనిట్‌లో సబ్బు పోస్తే, అచ్చులో చల్లారేకొద్దీ లోపల తెల్లగా పొర కమ్మేది. వెలుతురుకు పట్టినా అవతల వేలు కనపడేది కాదు. గ్లిజరిన్ పెంచితే మెత్తబడింది, మసక మాత్రం పోలేదు. కారణం బోరునీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. డిస్టిల్డ్ వాటర్‌కి మారి, సబ్బు అద్దంలా కనిపించడానికి కలిపే పంచదార పాకం కూడా దాంతోనే కాచాను. మసక విడిపోయింది. అందుకే కలిపే స్పిరిట్ (ఆల్కహాల్) మాత్రం స్టవ్ ఆర్పేశాకే పోయండి, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

యాంటీబాక్టీరియల్ అని చెప్పుకోవడానికి ట్రైక్లోసాన్ అనే క్రిమినాశక రసాయనం కలపమంటారు కొందరు. నేను కలపను. దాంతోపాటు మరో 18 పదార్థాలు వాడిన సబ్బులను 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్దంది. మామూలు సబ్బుకన్నా అవి మేలని తయారీదారులు రుజువు చేయలేకపోయారు.