రంగురంగుల ఊలు బంతిలో బాగుండి అల్లాక పాడైపోతోందా? సమస్య - పరిష్కారం

మల్టీకలర్ ఊలుతో వచ్చే తలనొప్పులు చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. కొనేటప్పుడు మనం ఏ రంగులున్నాయో చూస్తాం గానీ ఒక్కో రంగు ఎంత పొడవు ఉందో చూడం. అల్లికలో కనపడేదంతా ఆ పొడవే. కొన్ని సెంటీమీటర్లకే రంగు మారిపోయేది వేరిగేటెడ్, మీటర్ల తరబడి ఒకే రంగు నడిచి తర్వాత మారేది సెల్ఫ్ స్ట్రైపింగ్ (ఏటికొప్పాక లక్క బొమ్మ మీద పట్టీలుంటాయి చూడండి, అలా వరసగా చారలు పడతాయి), బంతి మొదలు నుంచి చివరి దాకా మెల్లగా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారేది గ్రేడియంట్, తెల్లటి దాని మీద అక్కడక్కడా చుక్కలు చల్లినట్టుండేది స్పెకిల్డ్, ఒకే రంగులో ముదురు లేత తేడా ఉండేది టోనల్. ఈ ఐదూ గుర్తుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

రంగులు కలవకుండా ఒక్కోచోట మరకల్లా పోగుపడుతున్నాయి

ఎక్కువమంది అడిగేది ఇదే, దీన్నే పూలింగ్ అంటారు. స్కార్ఫ్ అల్లుతుంటే కుడి పక్కంతా గులాబీ, ఎడమ పక్కంతా నీలం, మధ్యలో పసుపు ముద్ద, ఇలా తయారవుద్ది. దారం తప్పేమీ కాదండి, అది లెక్క. వేరిగేటెడ్ దారంలో రంగులు ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఆ ఒక చుట్టు పొడవూ మీ వరసకి పట్టే దారం పొడవూ సరిగ్గా కలిసిపోయాయనుకోండి, ప్రతిసారీ అదే రంగు అదే కుట్టు మీద వచ్చి కూర్చుంటది. ఇంచుమించుగా కలిస్తే ముద్దలు పడకుండా ఏటవాలుగా మెరుపు గీతల్లా జారతాయి, కొందరికి అదే నచ్చుద్ది, అది వేరే విషయం.

కనిపెట్టడం ఎలాగంటే, అల్లినదాంట్లో పది కుట్లకి అటూ ఇటూ దారం మీద పెన్నుతో చుక్క పెట్టి విప్పేసి టేపుతో కొలవండి. పన్నెండు సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, అంటే నలభై కుట్ల వరసకి 48. ఇప్పుడు బంతిలోంచి దారం లాగి గులాబీ మొదలైన చోటు నుంచి మళ్ళీ గులాబీ వచ్చేదాకా కొలిస్తే 96 వచ్చింది. వెళ్ళే వరస, వచ్చే వరస రెండూ కలిపితే సరిగ్గా 96! ఇంకేముంది, ప్రతి రెండు వరసలకీ కథ మొదటికి వస్తది, రంగులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి.

కుట్లు మార్చడమే దీనికి మొదటి మందు, కానీ ఒకటో రెండో మారిస్తే లాభం లేదు, అప్పుడు ముద్ద కాస్తా ఏటవాలు గీత అవుద్ది అంతే. పై లెక్కలో 40కి బదులు 52 కుట్లు వేస్తే రెండు వరసలకి దాదాపు 125 సెంటీమీటర్లు, అంటే ప్రతిసారీ రంగు ఒక చుట్టులో మూడో వంతు జరిగిపోద్ది, ముద్ద విరిగిపోద్ది. వెడల్పు మార్చడం కుదరకపోతే, స్వెటర్ లాంటి వాటికి కుదరదు కదా, రెండు బంతులు తీసుకుని, రెండూ వేరే వేరే రంగు దగ్గర మొదలెట్టి, రెండేసి వరసలకి ఒకటి మార్చుకుంటూ అల్లండి, అంచులో దారం పైకి మోసుకుపోవాలి, కొంచెం చిరాకే గానీ ఇంత గ్యారంటీగా పనిచేసేది ఇంకోటి లేదు. మూడోది కుట్టు మార్చడం: సాదా స్టాకినెట్‌లో (ఒక వరస నిట్, ఒక వరస పర్ల్) పూలింగ్ బాగా బయటపడుద్ది, అదే సీడ్ స్టిచ్, లినెన్ స్టిచ్ లాంటి వాటిలో కుట్లు ఎగుడుదిగుడుగా పడి రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. క్రోషేలో అయితే ఒక సింగిల్, ఒక చైన్ వేసుకుంటూ పోయే మాస్ స్టిచ్ దీనికి బ్రహ్మాండంగా ఉంటది.

క్రోషే వాళ్ళకి ఇంకో మాట. పొడుగ్గా ఉండే డబుల్ క్రోషే కుట్టు దారాన్ని బాగా మింగుద్ది, అందుకని చిన్న చిన్న ముక్కలుగా రంగు మారే దారం దాంతో వేస్తే ఒక్క కుట్టులోనే రెండు రంగులు పడి గజిబిజిగా కనపడుద్ది. అదే దారంతో సింగిల్ క్రోషే వేసి చూడండి, మనిషి మారిపోయినట్టుంటది. నిట్టింగ్ కోసం ఎవరో ఫొటో పెట్టిన దారం చూసి క్రోషేకి కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అదే వెడల్పూ పొడవూ ఉన్న ముక్కకి క్రోషే మామూలుగా ఎక్కువ దారం తింటది, కాబట్టి ఫొటోలో చూసిన చారలు మీకు సన్నగా వస్తాయి.

పోగుపడటమే కావాలనుకునేవాళ్ళూ ఉన్నారు, కుట్టు కుట్టుకీ టెన్షన్ (దారం బిగువు) సరిచూసుకుంటూ రంగుల్ని గళ్ళ డిజైన్‌లా పేర్చే పద్ధతి అది. బాగుంటది గానీ రెండు కుట్లు వదులైతే విప్పుకోవాలి, సీరియల్ చూస్తూ చేసే పని కాదు.

ఎంత కష్టపడి అల్లినా డిజైన్ కనపడట్లేదు

లేసు, కేబుల్, ఆకుల డిజైన్లు ఇవన్నీ నీడ మీద ఆధారపడి కనపడతాయి. దారంలోనే ముదురూ లేతా గంతులేస్తుంటే కన్ను ముందు రంగునే చూస్తది, కుట్టుని చూడదు. మన నరసాపురం లేసు ఎక్కువగా తెల్ల దారం మీదో గోధుమరంగు దారం మీదో నడవడం ఊరికే కాదు, పూల రేకు రేకూ కనపడాలంటే దారం నోరు మూసుకుని ఉండాలి.

చెక్ చేయడం చాలా తేలిక. బంతిని ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. మొత్తం ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనపడితే రంగులెన్నున్నా డిజైన్ కొంతవరకు నిలబడుద్ది, నలుపూ తెలుపూ విడివిడిగా కొట్టొచ్చినట్టు కనపడితే డిజైన్ గోవిందా. అలాంటి దారం ఇప్పటికే కొనేసి ఉంటే సాదా గార్టర్‌లోనో (ప్రతి వరసా నిట్), మామూలు గ్రానీ కుట్టులోనో (క్రోషేలో మూడేసి పొడుగు కుట్ల గుంపులు) వాడేయండి, పని రంగుకి వదిలేయండి. డిజైన్ చూపించాలంటే టోనల్ కొనుక్కోండి. స్పెకిల్డ్ మధ్యరకం, చుక్కలు పల్చగా ఉంటే చిన్న లేసు డిజైన్ దాకా ఓకే.

అమిగురుమి, అంటే క్రోషేతో అల్లే చిన్న బొమ్మలకీ ఇదే వర్తిస్తది, బొమ్మ మొహానికి మాత్రం ఒకే రంగు దారం వాడండి, లేకపోతే పిల్లలకి అది కుందేలో ఎలుకో కూడా తెలియదు.

చారలు మొదట్లో లావుగా, పోనుపోను దారమంత సన్నగా అయిపోతున్నాయి

మూడుకోణాల శాలువా, గుండ్రటి డాయిలీ (బల్ల మీద వేసే లేసు గుడ్డ), పెద్ద గ్రానీ స్క్వేర్ (మధ్య నుంచి బయటికి అల్లే చదరం) ఇలాంటి వాటిల్లో వస్తది. రంగు పొడవు మారదు, వరస పొడవు పెరుగుతూ పోతది, కాబట్టి మధ్యలో ఆరు వరసలు వచ్చిన ఎరుపు అంచు దగ్గర వరస కూడా నిండదు. స్వెటర్‌లో వీపు మీద సన్న చారలు, చేతుల మీద లావు చారలు రావడానికి కారణం కూడా ఇదే.

స్వెటర్‌కైతే ముందూ వెనకా విడివిడిగా అల్లితే వెడల్పు తగ్గి చారలు చేతుల వాటికి కాస్త దగ్గర పడతాయి, చేతులు రెండూ రంగుల చుట్టులో ఒకే చోట నుంచి మొదలెట్టండి, దానికోసం కొన్ని మీటర్లు చుట్టి పక్కన పెట్టాల్సొస్తది, ఆ ముక్కలు తర్వాత టోపీకి పనికొస్తాయి. శాలువాకైతే సెల్ఫ్ స్ట్రైపింగ్ బదులు పెద్ద గ్రేడియంట్ కేక్ (కేకులా చదునుగా చుట్టిన దారం ఉండ) కొనడం మేలు. షీప్జెస్ వాళ్ళ వర్ల్ లాంటివి ఒక్క కేకే 1000 మీటర్లుంటది, రంగు అంత మెల్లగా మారుద్ది కాబట్టి వరస పెరిగినా ఎక్కడా తెగినట్టుండదు. కేక్ కొన్నప్పుడు పైన కనపడే రంగు చూసి మోసపోకండి, లోపలి నుంచి మొదలెడతారా బయటి నుంచా అన్నది ముందే తేల్చుకోండి, శాలువాలో పొడుగాటి అంచంతా కనపడేది చివర్లో వచ్చే రంగే.

గ్రానీ స్క్వేర్‌లు చిన్నవి చాలా వేసి కలిపే దుప్పటికి మాత్రం సెల్ఫ్ స్ట్రైపింగ్ చక్కగా నప్పుద్ది, ఒక్కో గడికీ వేరే రంగు పడుద్ది. అవన్నీ ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనపడుతున్నాయంటే చివరి రౌండు, కలిపే దారం రెండూ ఒకే రంగులో, క్రీమ్ గానీ నలుపు గానీ, వేసేయండి. చిత్రంగా అన్నీ ఒకే ఇంటివాళ్ళైపోతాయి.

దగ్గర్నుంచి బాగుంది, దూరం నుంచి మట్టి రంగు

ఎరుపు పక్కన ఆకుపచ్చ, ఊదా పక్కన పసుపు చిన్న చిన్న ముక్కలుగా ఉంటే దూరం నుంచి కన్ను వాటిని కలిపేసి గోధుమ బూడిద రంగుగా చూస్తది. రెండు మూడు పోగులు వేరే వేరే రంగుల్లో మెలేసిన దారంలో ఇది ఇంకా ఎక్కువ. షాపులోనే బంతిని కౌంటర్ మీద పెట్టించి నాలుగడుగులు వెనక్కి జరిగి కళ్ళు సగం మూసి చూడండి, ఓనరు నవ్వితే నవ్వనీండి. రంగుల చక్రంలో పక్కపక్కన ఉండే రంగులు, నీలం-ఆకుపచ్చ, గులాబీ-నారింజ లాంటివి, ఎంత కలిసినా మురికిగా అవ్వవు. ఇప్పటికే అల్లడం మొదలెట్టేస్తే ఇకనుంచి మధ్యమధ్యలో ఒకే రంగు దారంతో నాలుగేసి వరసలు వేయండి, ఆ మల్టీకలర్‌లో ఉన్న అన్నిటికన్నా ముదురు రంగు తీసుకుంటే సరిపోద్ది.

రెండో బంతి కలవట్లేదు

లేబుల్ మీద షేడ్ నంబరుతో పాటు లాట్ నంబరు కూడా ఉంటది, చాలామంది షేడ్ ఒక్కటే చూస్తారు. షేడ్ అదే అయినా లాట్ మారితే రంగు మారొచ్చు. హ్యాండ్ డైడ్ (చేత్తో రంగు వేసిన) దారాలకి చాలావరకు లాట్ కూడా ఉండదు, ఒకే కుండలో ముంచిన చిలపలే (వదులుగా చుట్టి మెలేసిన దారం కట్టలు) ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలవవు. అందుకని కావాల్సింది ఒకేసారి కొనేయండి, ఒకటి ఎక్కువే తీసుకోండి. తేడా ఉన్న బంతులు ఇంట్లో పడి ఉంటే పైన చెప్పిన రెండేసి వరసల పద్ధతే, బంతి అయిపోయాక ఇంకోటి అతికిస్తే మాత్రం అక్కడ గీత గీసినట్టు కనపడి తీరుద్ది.

చిలప రూపంలో ఉన్నది కొంటుంటే దాన్ని విప్పి చూడమని అడగండి. మెలేసి ఉన్నప్పుడు అన్ని రంగులూ కలిసి అందంగా కనపడతాయి, విప్పితే అసలు సంగతి బయటపడుద్ది. చుట్టుకొలత మీటరున్నర ఉండి సగం ఎరుపు సగం నీలం ముంచారంటే ఒక్కో రంగు 75 సెంటీమీటర్లని టేపు లేకుండానే తెలిసిపోద్ది.

మధ్యలో ముడి వచ్చింది, రంగుల వరస తప్పిపోయింది

ఫ్యాక్టరీలో దారం తెగితే ముడేస్తారు, ఆ ముడి తర్వాత రంగు ఎక్కడైనా మొదలవ్వొచ్చు. ముడి దగ్గర ఆగి, కత్తిరించి, బంతిలోంచి సరైన రంగు వచ్చేదాకా చుట్టి పక్కన పెట్టి అక్కడ కలపండి. గ్రేడియంట్‌లో అయితే అసలు దిక్కే మారిపోవచ్చు, అప్పుడు బంతి రెండో కొస నుంచి లాగాలి.

షాపులో ఒక రంగు, ఇంట్లో ఇంకో రంగు

లైటు తేడా. మన వైజాగ్ పూర్ణా మార్కెట్ సందుల్లో షాపుల్లో మధ్యాహ్నం కూడా లైటు వెలుగులోనే చూపిస్తారు, బంతిని గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూడండి. మార్గశిర గురువారాలు మాత్రం అటు ఊలు కోసం వెళ్ళకండి, బురుజుపేట అమ్మవారి గుడి రద్దీలో నిలబడి రంగులు చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఉతికితే తెల్ల భాగం గులాబీ అయిపోయింది

ముదురు ఎరుపు, నేవీ బ్లూ పక్కన తెలుపు ఉన్న కాటన్ దారాలతో దీని భయం ఎక్కువ. కొన్న వెంటనే ఒక మూర దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా పిండి ఓ గంట ఉంచండి, గుడ్డకి రంగంటితే ఆ దారం తెలుపుతో కలిపి వాడొద్దు. వెనిగర్‌లో నానబెడితే ఆగిపోద్దని అందరూ చెప్తారు, అది ఉన్ని, సిల్కు లాంటి వాటికి వేసే యాసిడ్ రంగులకే, అదీ వేడి తోడైతేనే పనికొస్తది, కాటన్‌కి దానివల్ల ఒరిగేదేం లేదు, ఉప్పూ అంతే. కాటన్‌కి డై ఫిక్సర్ అని వేరే అమ్ముతారు. అక్రిలిక్ సాధారణంగా రంగు వదలదు గానీ దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకండి, మెత్తబడి సాగిపోయి మళ్ళీ మామూలుకి రాదు.

ఇప్పటికే రంగు అంటుకున్నట్టయితే ఆరనివ్వకండి, ఆరితే పట్టేసుకుంటది. వెంటనే చన్నీళ్ళలో కొంచెం సబ్బు వేసి నీళ్ళు తెల్లగా వచ్చేదాకా మార్చుకుంటూ ఉతకండి. మన వైజాగ్ తేమలో ఇక్కడే ఇంకో చిక్కుంది, వానాకాలంలో కాటన్ శాలువా ఆరడానికి పట్టే టైములో తడి ఒకచోట నిలబడితే రంగు కూడా అక్కడికే చేరుద్ది. తీగ మీద వేలాడదీయకుండా టవల్‌లో చుట్టి నీరంతా పిండేసి, ఇంకో పొడి టవల్ మీద పరిచి ఫ్యాను కింద పెట్టండి, గంటకోసారి తిరగేయండి. ఎండలో మేడ మీద ఆరేస్తే తొందరగా ఆరుద్ది నిజమే, కానీ ముదురు రంగులు ఒక పక్కే వెలిసిపోతాయి, తప్పదనుకుంటే తిరగేసి లోపలి వైపు పైకి పెట్టి ఆరేయండి.