గోదారి పొంగకముందే మేకల సంగతి చూస్కోండి

లంకల్లోనూ ఏటిగట్టు పక్కనా ఉండే మన యానాది, ఎరుకల పేటలోళ్ళకి చెప్తున్నానండి. సెంటు పొలం లేని ఇంట్లో ఆస్పత్రి ఖర్చొచ్చినా పిల్లల ఫీజొచ్చినా అమ్మేది మేకనేగా, అందుకే ఇంత చెప్పడం.

ముందు టీకాలు. తొలకరి పడి లేత గడ్డి లేచేలోపే మేకలకి చిటుక రోగం టీకా వేయించేయండి, ఆ రోగమొస్తే పొద్దున బాగానే మేసిన మేక సాయంత్రానికి గిలగిలా కొట్టుకుని చచ్చిపోద్ది, మందు పోసే టైమే ఉండదు. మొదటిసారి వేయిస్తుంటే రెండు వారాలకి ఇంకో డోసు ఉంటది, మర్చిపోకండి. గేదెలుంటే గొంతువాపు టీకా, పందులుంటే స్వైన్ ఫీవర్ టీకా అడగండి. టీకా ఒంటికి పట్టడానికి రెండు మూడు వారాలు పడద్ది, అంచేత నీళ్ళొచ్చాక పరిగెడితే లాభం లేదు. కడుపులో నట్టల మందు (పురుగుల మందు) కూడా ఇప్పుడే, కానీ సూడి మేకలకి, అంటే కడుపుతో ఉన్నవాటికి మాత్రం డాక్టర్ని అడక్కుండా పోయకండి, కడుపు పోవచ్చు.

2022 జూలై వరదకి మా పిన్ని రాత్రి మేకల్ని గుంజకి కట్టేసి పడుకుంది, తెల్లారుజామున పాకలోకి నీళ్ళొచ్చేశాయి, తడిసిన తాడు బిగుసుకుపోయి చీకట్లో ముడి ఊడి రాలేదు, సూడి మేక అక్కడే పోయింది. ఇప్పటికీ తల్చుకుని ఏడుస్తది. కాబట్టి వరద రోజుల్లో ఒక్క లాగుడికి ఊడే జారుముడే వేయండి, గుంజ దగ్గర కత్తి పెట్టుకోండి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిదానికే జీవాల్ని గట్టెక్కించేయండి, తర్వాత పడవల్లో మనుషులకే చోటు చాలదు, మేకల్ని వదిలి రాలేక మనుషులు కూడా లంకలోనే ఉండిపోతారు, నా భయమల్లా అదే. ఎండుగడ్డి, తవుడు ముందే మెరక మీదకి చేర్చి పట్టా కప్పండి, బూజు పట్టింది పెట్టొద్దు.

నీళ్ళు తీశాక బురద గడ్డి మీదకి వెంటనే తోలకండి. కుంటుతుంటే గిట్టల మధ్య చూడండి, నానిపోయి కుళ్ళుతుంటాయి. ఏ డౌటొచ్చినా 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సోళ్ళు పలుకుతారు, డబ్బులడగరు.

ఒకవేళ ఏదన్నా చచ్చిపోతే ఏట్లో పడేయకండి, ఫోటో తీసి, పశువుల ఆస్పత్రోళ్ళకి చూపించాకే లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, వాళ్ళు చూసి రాస్తేనే పరిహారం అడగడానికి ఉంటది.