ఏ వెబర్ అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి
పాదసూచికల్లో ‘వెబర్’ అని ఇంటిపేరు ఒక్కటే ఉంటే, ఆ జర్మన్ పండితుడు ఎవరో తేల్చుకోవడానికే ఎంతో సమయం పోతుంది. ఒక చీటీ మీద పేరు, జనన మరణ సంవత్సరాలు, శాస్త్రం వరుసగా రాసి పుస్తకంలో పెట్టుకోండి: మాక్స్ (1864–1920), సమాజశాస్త్రం, ఆల్బ్రెక్ట్ (1825–1901), సంస్కృత వాఙ్మయం, విల్‌హెల్మ్ (1804–1891), భౌతికశాస్త్రం, అయస్కాంత అభివాహపు ప్రమాణానికి పెట్టింది ఈయన పేరే, ఆయన అన్న ఎర్న్‌స్ట్ హైన్‌రిక్ (1795–1878), శరీరధర్మశాస్త్రం, మనోవిజ్ఞాన పాఠాల్లో చదివే వెబర్ నియమం ఈయనది. ముందు ఉదహరించిన రచన వెలువడిన సంవత్సరాన్ని, తర్వాత విషయాన్ని ఈ చీటీతో సరిచూస్తే చాలావరకు ఒక్కరే మిగులుతారు. నా అనుభవంలో విషయం కన్నా సంవత్సరమే ఎక్కువ అక్కరకు వస్తుంది. అయితే ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి 1825లో తరంగాల మీద ఒక గ్రంథం ప్రచురించారు కనుక, అటువంటి చోట ఈ పద్ధతి పనిచేయదు, ముఖపత్రం తెరిచి చూడవలసిందే.