‘అక్రూ’ (accrue) అనే ఇంగ్లీషు మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల వ్యాసాలు దిద్దుతున్నప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే వాక్యం ఒకటుంది: “డస్ట్ హాజ్ అక్రూడ్ ఆన్ ద ఫ్యాన్.” ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుందని చెప్పడం వారి ఉద్దేశం. నిఘంటువు తెరిస్తే ‘అక్రూ’ మాటకు ‘పోగుపడు, కూడు, పెరుగు’ అనే అర్థాలు కనిపిస్తాయి కాబట్టి పిల్లలను పూర్తిగా తప్పుపట్టలేము. అయినా ఇంగ్లీషు వాడుక బాగా ఎరిగినవారు ఆ వాక్యం చదివి చిన్నగా నవ్వుకుంటారు, ఎందుకంటే దుమ్ము ఏదో ఖాతాలో వడ్డీలాగా జమవుతున్నట్టు వారికి వినిపిస్తుంది. అక్కడ రావలసిన మాట ‘అక్యుములేట్’, లేదా మరింత తేలికగా ‘గ్యాదర్’.

ఈ రెండు మాటలను విడదీసి చూపే పరికరం మన భాషలోనే సిద్ధంగా ఉంది. తెలుగులో దుమ్ము పేరుకుంటుంది, చెత్త పోగుపడుతుంది, కాని లాభం చేకూరుతుంది. ‘ఫ్యాను మీద దుమ్ము చేకూరింది’ అని మనలో ఎవరూ అనరు, ‘రైతులకు ప్రయోజనం పేరుకుంది’ అనీ అనరు. ‘చేకూరు’, ‘సమకూరు’ అనే క్రియలు సహజంగా ఒదిగే చోట ‘అక్రూ’ దాదాపు ఎప్పుడూ ఒదుగుతుంది. ‘పేరుకొను’, ‘పోగుపడు’ మాత్రమే ఒదిగే చోట ‘అక్యుములేట్’ కావాలి. వడ్డీ విషయంలో మాత్రం మనం ‘పెరుగుతోంది’, ‘ఎక్కుతోంది’ అంటాము కాబట్టి దానిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. వడ్డీకి సొంత మాట ‘అక్రూ’యే.

ఈ తేడా రెండు మాటల పుట్టుకలోనే ఉంది. ‘అక్రూ’ లాటిన్‌లో ‘పెరుగు’ అనే అర్థమున్న ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పెరిగే చంద్రవంకకు పెట్టిన ‘క్రెసెంట్’, మనకు బాగా తెలిసిన ‘ఇంక్రీజ్’, చివరకు ఓడ సిబ్బందిని తెలిపే ‘క్రూ’ కూడా ఆ ధాతువు బిడ్డలే. ‘అక్యుములేట్’లో ఉన్నది ‘కుప్ప’ అనే అర్థమిచ్చే ‘క్యుములస్’. వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవార్డ్ 1802లో లండన్‌లో మేఘాలకు పేర్లు పెడుతూ, దూదికుప్పల్లా లేచే మేఘాలకు ఆ మాటనే ఎంచుకున్నాడు. ఎండాకాలం సాయంత్రాల్లో కైలాసగిరి వెనుక లేచేవి చాలావరకు అవే. ఒకటి మొక్కలా మూలం నుంచి పెరగడాన్ని, మరొకటి ముక్కలు చేరి కుప్ప కావడాన్ని చెబుతున్నాయి. అసలు మీద వడ్డీ మొలుస్తుంది, అందుకే అది పెరుగుదల. ఫ్యాను మీదికి దుమ్ము ఎక్కడి నుంచో వచ్చి పడుతుంది, అందుకే అది కుప్ప.

ఈ మాట ఎక్కువగా కనిపించేది బ్యాంకు కాగితాల్లో కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతా వడ్డీని ఏ రోజు నిల్వపై ఆ రోజు లెక్కిస్తున్నారు. లెక్క సులువుగా ఉండడానికి వడ్డీ రేటు 3 శాతమనుకుని, ఖాతాలో లక్ష రూపాయలు కదలకుండా ఉన్నాయనుకుంటే రోజుకు సుమారు 8 రూపాయల 22 పైసల వడ్డీ ఏర్పడుతుంది. అయితే ఆ 8 రూపాయలు రోజూ పాస్‌బుక్కులో కనిపించవు. మూడు నెలలకు ఒకసారి సుమారు 740 రూపాయలు ఒక్క పద్దుగా పడతాయి. ఇంగ్లీషులో ఈ రెండు సంఘటనలకు రెండు వేర్వేరు క్రియలున్నాయి: “ఇంట్రెస్ట్ అక్రూస్ డైలీ అండ్ ఈజ్ క్రెడిటెడ్ క్వార్టర్లీ.” హక్కు ఏర్పడడం ‘అక్రూ’, డబ్బు చేతికందడం ‘క్రెడిట్’. తెలుగులో రెండింటికీ కలిపి ‘జమ’ అనేస్తాము కాబట్టి అనువదించేటప్పుడు మనవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

అప్పు విషయంలో ఈ తడబాటు ఖరీదైనదిగా మారుతుంది. చదువు కోసం బ్యాంకు అప్పు తీసుకున్నప్పుడు చదువుకునే కాలానికీ, ఆ తరువాత కొన్ని నెలలకూ వాయిదాలు కట్టనవసరం లేని విరామం ఇస్తారు. మంజూరు పత్రంలో సాధారణంగా ఇలాంటి వాక్యం ఉంటుంది: “ఇంట్రెస్ట్ విల్ కంటిన్యూ టు అక్రూ డ్యూరింగ్ ద మొరటోరియం పీరియడ్.” ఈ వాక్యాన్ని ‘విరామంలో వడ్డీ ఉండదు’ అని అర్థం చేసుకున్న తల్లిదండ్రులను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. వాక్యం చెబుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం: వాయిదా మాత్రమే ఆగింది, వడ్డీ ఆగలేదు, ప్రతిరోజూ ఏర్పడుతూనే ఉంది. అప్పు ముందుగానే తీర్చేయదలచినవారు బ్యాంకుకు రాసే ఉత్తరంలో ఈ మాటను వాడితే ప్రశ్న సూటిగా ఉంటుంది: “ప్లీజ్ ఇన్‌ఫామ్ మీ ఆఫ్ ద ఇంట్రెస్ట్ అక్రూడ్ అప్ టు ద డేట్ ఆఫ్ క్లోజర్.” ఇక్కడ ‘అక్రూడ్’ అంటే ఆ తేదీ వరకు ఏర్పడి ఇంకా కట్టని వడ్డీ అని అర్థం.

బారువడ్డీకి, చక్రవడ్డీకి మధ్య ఉన్న తేడాను ఈ మాట చెప్పదని కూడా గమనించాలి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చినవారికి బారువడ్డీ లెక్కన ఏడాదికి 12,000 రూపాయలు అవుతుంది. నెలనెలా వడ్డీని అసలులో కలిపితే 13,400 రూపాయలు దాటుతుంది. రెండు సందర్భాల్లోనూ వడ్డీ ‘అక్రూ’ అయిందనే అంటారు. రెండవదానిని విడిగా చెప్పవలసి వస్తే ‘కాంపౌండ్’ అనే క్రియ ఉంది. మనం ‘తడిసి మోపెడైంది’ అనే స్థితికి మాత్రం ఈ రెండూ చాలవు. విసుగూ భయమూ ధ్వనించాలంటే “ద డెట్స్ మౌంటెడ్ అప్” అనడం మేలు. ‘అక్రూ’లో ఉద్వేగం ఉండదు, అది గుమాస్తా చేతిరాతలా ప్రశాంతంగా ఉండే మాట. అసలు కన్నా వడ్డీ ముద్దని మనం మనుమల గురించి అనే మాటను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు దీనిని వాడకపోవడమే మంచిది.

ఇక వాక్యం కట్టే పద్ధతి. ఈ క్రియ వెంట ఏ విభక్తి మాట రావాలన్న సందేహానికి తెలుగు ప్రత్యయాలే జవాబు చెబుతాయి. దేని మీద వడ్డీ అన్నప్పటి ‘మీద’కు ‘ఆన్’ వస్తుంది: “ఇంట్రెస్ట్ అక్రూస్ ఆన్ ద అన్‌పెయిడ్ అమౌంట్.” ఎవరికి చేకూరింది అన్నప్పటి ‘కి’కి ‘టు’ వస్తుంది: “ద బెనిఫిట్స్ ఆఫ్ ద న్యూ జెట్టీ విల్ అక్రూ టు ద ఫిషర్మెన్.” ఫిషింగ్ హార్బరులో కొత్త జెట్టీ కడితే ఆ ప్రయోజనం మత్స్యకారులకు చేకూరుతుందని దీని అర్థం. దేని నుంచి, దేని వల్ల అన్నప్పుడు ‘ఫ్రమ్’ వస్తుంది: “ద ఇన్‌కమ్ అక్రూయింగ్ ఫ్రమ్ ద షాప్ రెంట్స్.” ఇంత చక్కగా ఒకదానికొకటి సరిపోవడం ఇంగ్లీషు క్రియల్లో అరుదు కాబట్టి ఈ అవకాశాన్ని వదులుకోకూడదు. ఒక్క తప్పును మాత్రం మన అలవాటు తెచ్చిపెడుతుంది: ‘ఖాతాలో వడ్డీ’ అనే మాటల ప్రభావంతో చాలామంది ‘అక్రూ ఇన్ ద లోన్’ అని రాస్తారు. ఖాతాలో అన్నప్పుడు ‘ఇన్’ చెల్లుతుంది గాని, అప్పుకు, బకాయికి ‘ఆన్’ మాత్రమే చెల్లుతుంది.

కర్తగా ఎవరు ఉండాలన్నది తరువాతి ప్రశ్న. మొదటి వాడుకలో పెరిగే వస్తువే కర్త. వడ్డీ, ప్రయోజనం, హక్కు తమంతట తామే ఏర్పడతాయి. “ఐ అక్రూడ్ మనీ ఇన్ ద బ్యాంక్” అంటే డబ్బు కూడబెట్టానన్న అర్థం రాదు. కష్టపడి దాచినదానికి “ఐ సేవ్డ్ అప్ మనీ” అనాలి. మనిషిని కర్తగా పెట్టే వాడుక కూడా ఉంది, కాని అది సెలవులు, పాయింట్లు, అప్పులు, ఖర్చులు వంటి కొన్నిటికే పరిమితం.

సెలవుల సంగతి ఉద్యోగులందరికీ పనికివచ్చేది కాబట్టి చెప్పి తీరాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ వయోజన కార్మికులకు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు చొప్పున లెక్కగట్టింది. గాజువాక, ఆటోనగర్ ప్రాంతాల్లోని వర్క్‌షాపుల్లో పనిచేసేవారు ఈ లెక్కను ఇంగ్లీషులో చెప్పాలంటే “లీవ్ అక్రూస్ ఎట్ ద రేట్ ఆఫ్ వన్ డే ఫర్ ఎవ్రీ ట్వెంటీ డేస్ వర్క్డ్” అంటే చాలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం ఆర్జిత సెలవును జనవరి 1న, జులై 1న 15 రోజుల చొప్పున ముందుగానే ఖాతాలో వేస్తారు. అందువల్ల అక్కడ ‘క్రెడిటెడ్’ అనడమే కచ్చితం. ఆ సెలవులు ఏళ్ల తరబడి వాడక 300 రోజుల పరిమితికి చేరుకున్నప్పుడు “హి హాజ్ అక్యుములేటెడ్ త్రీ హండ్రెడ్ డేస్ ఆఫ్ లీవ్” అంటారు. పుట్టేటప్పుడు ‘అక్రూ’, క్రెడిట్ అయ్యాక వాడకుండా కుప్పపడితే ‘అక్యుములేట్’ అన్నమాట.

పన్నుల భాషలో ఈ మాటకు చట్టపరమైన బరువు ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 5వ సెక్షన్‌లో చేతికి అందిన ఆదాయాన్ని ఒక విధంగాను, ‘అక్రూస్ ఆర్ అరైజెస్’ అంటూ హక్కు ఏర్పడిన ఆదాయాన్ని మరొక విధంగాను పేర్కొన్నారు. 2013 నాటి కంపెనీల చట్టం 128వ సెక్షన్ కంపెనీల లెక్కలను ‘అక్రూవల్’ పద్ధతిలోనే రాయాలంటుంది. అంటే మార్చి నెల కరెంటు బిల్లు ఏప్రిల్‌లో వచ్చినా ఆ ఖర్చు మార్చికే చెందుతుంది. అకౌంటెంట్లు “వి హావ్ అక్రూడ్ ద ఎలక్ట్రిసిటీ చార్జెస్ ఫర్ మార్చ్” అనడం ఈ కారణంగానే. ఇది వారి వృత్తిభాష. ఇంటి కరెంటు బిల్లు గురించి ఇలా మాట్లాడితే ఎదుటివారు వింతగా చూస్తారు.

వాడకూడని చోట్లు మన ఊళ్లోనే కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడి తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు అలల అడ్డుగోడలు ఆ కదలికను ఆపడంతో డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఇసుక మేట వేస్తుంది, ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది, అందుకే అటువైపు తవ్విన ఇసుకను ఇటు తెచ్చి పోస్తుంటారు. “శాండ్ అక్యుములేట్స్ నియర్ ద బ్రేక్‌వాటర్” అనాలి గాని ‘అక్రూస్’ అనకూడదు. మేట వేయడానికి శాస్త్రజ్ఞులు వాడే నామవాచకం ‘అక్రీషన్’. తమాషా ఏమిటంటే అది ‘అక్రూ’కు తోబుట్టువే, అయినా పని పంచుకుని ఒకటి తీరానికీ మరొకటి బ్యాంకుకూ పోయాయి. బొర్రా గుహల్లో సున్నపు నీటి చుక్కలు రాలి రాలి రాతి స్తంభాలుగా ఎదగడానికి కూడా ‘అక్రీషన్’ చక్కగా అమరుతుంది.

సింహాచలంలో అక్షయ తృతీయ నాటి నిజరూప దర్శనం తరువాత స్వామికి మూడు మణుగుల చందనాన్ని సమర్పిస్తారు, తరువాతి పౌర్ణములలో మళ్లీ మూడేసి మణుగులు పూస్తారు. పొరమీద పొర పెరిగినా ఆ పని చేసేది అర్చకుల చేతులు. తనంతట తాను ఏర్పడేది కాదు కాబట్టి ‘అక్రూ’ ఇక్కడ పనికిరాదు. “ద శాండల్ పేస్ట్ ఈజ్ బిల్ట్ అప్ ఇన్ లేయర్స్” అంటే సరిపోతుంది. 2005 ఏప్రిల్ 5న పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో పాకిస్తాన్‌పై ధోనీ చేసిన 148 పరుగుల గురించి రాసేటప్పుడు “ర్యాక్డ్ అప్” వాడితే ఆ దూకుడు కనిపిస్తుంది. ఒక్కొక్క పరుగు తీస్తూ నిలకడగా ఆడేవారికి ‘అక్యుములేట్’ సరిపోతుంది. మద్దిలపాలెం కూడలిలో వాహనాలు పేరుకుపోతే “ట్రాఫిక్ హాజ్ బిల్ట్ అప్” అనాలి. అక్రమార్జన వార్తలకు ‘అమాస్’ అనే మాట ఉంది. అందులో దోషారోపణ కాస్త తొంగిచూస్తుంది.

ఉచ్చారణ విషయంలో రెండవ అక్షరాన్ని ఒత్తి ‘అక్రూ’ అనాలి. ‘యాక్రూ’ అని మొదటి అక్షరాన్ని సాగదీయడం మన ప్రాంతంలో బాగా వినిపించే పొరపాటు. రాతలో ‘సి’ అక్షరం రెండుసార్లు వస్తుంది, చివరి ‘ఇ’ అక్షరం ‘అక్రూయింగ్’, ‘అక్రూవల్’ రూపాల్లో రాలిపోతుంది. సాధన చేయదలచినవారు తమ పాస్‌బుక్కును ముందు పెట్టుకుని ఏ వడ్డీ ఏ రోజుల్లో ఏర్పడిందో, ఏ తేదీన పద్దు పడిందో రెండు ఇంగ్లీషు వాక్యాల్లో రాయాలి. మొదటి వాక్యంలో ‘అక్రూడ్’, రెండవ వాక్యంలో ‘క్రెడిటెడ్’ రావాలి. అవి తారుమారైతే పైన చెప్పిన 8 రూపాయల 22 పైసల లెక్కకు మళ్లీ వెళ్లి చూసుకోవాలి.