మోనో జ్వరం: ఏ వారం ఎలా ఉంటుంది, ఎప్పుడు లేచి తిరగొచ్చు

గొంతునొప్పికి ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగినా తగ్గదు. పొద్దున కాస్త నెమ్మదించిన జ్వరం సాయంత్రానికి మళ్లీ 102 చూపిస్తుంది. మెడ వెనక తడిమితే రెండు వైపులా బిళ్లలు తగులుతాయి. మంచం దిగి బాత్‌రూమ్ దాకా వెళ్లినా ఒంట్లో సత్తువ అయిపోయినట్టుంటుంది. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య వాళ్లలో ఇవన్నీ కలిసి కనిపిస్తే మోనోన్యూక్లియోసిస్‌ను అనుమానించాలి. గవదబిళ్లలేమో అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. గవదల వాపు చెవి ముందు, దవడ మలుపు దగ్గర వస్తుంది. మోనోలో బిళ్లలు ఎక్కువగా మెడ వెనక వరసలో విడివిడిగా తెలుస్తాయి.

చాలావరకు దీనికి కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ). ఉమ్ములో ఉంటుంది, ఎంగిలి ద్వారా పాకుతుంది. మన దగ్గర ఎక్కువమందికి చిన్నప్పుడే సోకి, మామూలు జలుబులా వచ్చి తెలియకుండా పోతుంది. అప్పుడు తప్పించుకున్నవాళ్లకు ఇంటర్, ఇంజనీరింగ్ వయసులో సోకితే మాత్రం మంచం పట్టిస్తుంది. అమెరికాలో చదివే అబ్బాయి ఫోన్లో ‘మోనో అన్నారు’ అన్నా, బ్రిటన్‌లో ఉన్న అమ్మాయి ‘గ్లాండ్యులర్ ఫీవర్ అట’ అన్నా రెండూ ఇదే.

వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ‘ఎవరి దగ్గర అంటుకుంది’ అని ఆరా తీయడం దండగ.

ముందు ఇది మోనోనే అని తేల్చుకోవడం

జ్వరం అనగానే మనకు డెంగీ, టైఫాయిడ్, మలేరియా గుర్తొస్తాయి. అందులో తప్పేం లేదు, ముందు వాటిని తోసిపుచ్చాల్సిందే. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టులోనే కొంత ఆధారం దొరుకుతుంది. డెంగీలో తెల్లకణాలు సాధారణంగా తగ్గుతాయి. మోనోలో లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) 50 శాతం దాటతాయి, స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్క) చూసిన పాథాలజిస్టు ‘ఎటిపికల్ లింఫోసైట్లు’ (మామూలు రూపంలో లేనివి) 10 శాతానికి పైగా ఉన్నాయని రాస్తారు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ కొంచెం తగ్గొచ్చు, అందుకే ఆ ఒక్క అంకె చూసి డెంగీ అనుకోకూడదు. అలాగే ఒక్క వైడాల్ పాజిటివ్ రాగానే టైఫాయిడ్ అని తీర్మానించొద్దు. ఆ పరీక్షలో తప్పుడు పాజిటివ్‌లు చాలా ఎక్కువ. టైఫాయిడ్ అనుమానం గట్టిగా ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వాలి.

మోనోను గుర్తించే మోనోస్పాట్ రక్తపరీక్ష చవక, కానీ మొదటి వారంలో చేస్తే జబ్బు ఉన్నా నలుగురిలో ఒకరికి నెగెటివ్ రావచ్చు. నాలుగేళ్లలోపు పిల్లల్లో దాన్ని నమ్ముకోలేం. అనుమానం అలాగే ఉంటే వారం ఆగి మళ్లీ చేయించాలి, లేదా ఈబీవీ యాంటీబాడీలు చూడాలి. వీసీఏ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ) పాజిటివ్, ఈబీఎన్ఏ ఐజీజీ (ఆలస్యంగా వచ్చేది) నెగెటివ్ అయితే ఇప్పుడే సోకిందన్నమాట. ఈబీఎన్ఏ రెండు నుంచి నాలుగు నెలలకు గానీ రాదు. జ్వరం మొదట్లోనే అది పాజిటివ్‌గా ఉంటే వైరస్ ఎప్పుడో వచ్చి వెళ్లిందని అర్థం, ఇప్పటి జ్వరానికి వేరే కారణం వెతకాలి.

మొదటి రెండు వారాలు

గొంతు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా బాగా బాధిస్తుంది. టాన్సిల్స్ ఉబ్బి, మీద తెల్లటి పొర కడుతుంది. కొందరికి పొద్దున లేచేసరికి కళ్ల పైరెప్పలు వాచి ఉంటాయి. గొంతు వారం, పది రోజులకు నెమ్మదిస్తుంది, జ్వరం పది నుంచి పద్నాలుగు రోజులు సాగుతుంది. వైరస్‌ను చంపే మందంటూ వాడేది లేదు. ఒంట్లో రోగనిరోధక కణాలు ఆ పని చేస్తుంటాయి, జ్వరమూ బిళ్లలూ నీరసమూ ఆ పోరాటం వల్లే.

పెద్దవాళ్లు పారాసిటమాల్ 650 మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. పిల్లలకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, ఆ లెక్కా కలుపుకోవాలి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంజక్షన్ల జోలికి పోవద్దు. పిల్లలకు, టీనేజీవాళ్లకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు.

గొంతుకు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. చల్లటివి తింటే గొంతు ఇంకా పట్టేస్తుందంటారు గానీ, ఈ జబ్బులో ఐస్‌ముక్క చప్పరించినా ఐస్‌క్రీమ్ తిన్నా నొప్పి కాసేపు తిమ్మిరెక్కి మింగుడు పడుతుంది. మెత్తటి పెరుగన్నం, పల్చటి మజ్జిగ, రాగిజావ, నానబెట్టిన ఇడ్లీ ఏది దిగితే అది. పథ్యం పేరుతో కడుపు మాడ్చకూడదు. నీళ్లు చాలుతున్నాయా లేదా అనేది మూత్రం రంగు చూస్తే తెలుస్తుంది.

అమాక్సిసిలిన్‌తో వచ్చే చిక్కు

గొంతునొప్పి అనగానే మెడికల్ షాపులో ఇచ్చేది తరచూ అమాక్సిసిలిన్, లేదా క్లావులనేట్ కలిపిన 625 మాత్ర. మోనో ఉన్నప్పుడు ఇది వాడితే చాలామందికి వారం తిరిగేసరికి ఛాతీ, పొట్ట మీద మొదలై ఒళ్లంతా రాగిరంగు దద్దుర్లు లేస్తాయి, దురద పెడుతుంది. మందు మానేస్తే వారంలో పోతాయి. ఇది చాలావరకు అసలైన పెన్సిలిన్ అలర్జీ కాదు. ఫైల్లో ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రాసేస్తే జీవితాంతం మంచి మందొకటి దూరమవుతుంది, అందుకే ‘మోనో సమయంలో దద్దుర్లు’ అని రాయమని డాక్టర్‌ను అడగండి. మందు వేసుకున్న గంట రెండు గంటల్లో పెదవులు వాచడం, ఆయాసం రావడం మాత్రం నిజమైన అలర్జీయే.

స్టిరాయిడ్లు కూడా అందరికీ కావు. టాన్సిల్స్ ఉబ్బి ఊపిరి ఆడనప్పుడు, కొన్ని తీవ్రమైన చిక్కుల్లో మాత్రమే డాక్టర్లు ఇస్తారు.

లివర్, ప్లీహం

లివర్ పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ పరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు పెరిగి కనిపించడం మామూలే, కొన్ని వారాల్లో వాటంతట అవే దిగుతాయి. కళ్లు పచ్చబడేది కొద్దిమందికే. అప్పుడు పసరు పోయించడానికి తీసుకెళ్లకండి. వాచి ఉన్న లివర్ మీద తెలియని ఆకుల భారం మోపినట్టవుతుంది. మద్యం ఆ అంకెలు మామూలుకు వచ్చేదాకా ముట్టొద్దు.

అసలు జాగ్రత్తంతా ప్లీహం విషయంలో. పొట్టకు ఎడమవైపు, పక్కటెముకల కింద ఉండే ఈ అవయవం సగం మందిలో ఉబ్బుతుంది. రెండు, మూడు వారాల్లో బాగా పెద్దదై, పైపొర సాగి పల్చబడుతుంది. అది పగలడం వందమందిలో ఒకరికి కూడా జరగదు గానీ, జరిగితే లోపల రక్తం పోయి ప్రాణం మీదకొస్తుంది. చాలావరకు మొదటి మూడు నాలుగు వారాల్లోనే జరుగుతుంది, ఏ దెబ్బా తగలకుండానే పగిలిన సందర్భాలూ ఉన్నాయి. జ్వరం పోయి కాస్త ఓపిక వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, అదీ ఇబ్బంది. బాగున్నానని కుర్రాడు కబడ్డీకో జిమ్‌కో బయల్దేరతాడు.

అందుకని లక్షణాలు మొదలైన రోజు నుంచి లెక్కేసి కనీసం నాలుగు వారాలు ఆటలు, బరువులెత్తడం, గుంతల రోడ్డు మీద బైకు వద్దు. నీళ్ల టిన్ను, గ్యాస్ సిలిండర్ ఇంకెవరైనా ఎత్తనివ్వండి. కబడ్డీ, కుస్తీ లాంటి మీద పడే ఆటలకు నాలుగు వారాల తర్వాత కూడా డాక్టర్ చూసి సరే అన్నాకే. ప్లీహం ఉబ్బిందేమోనని ఇంట్లో పొట్ట నొక్కి చూడొద్దు. ఒక్క స్కాన్‌తో కూడా అన్నీ తేలవు, ఎందుకంటే ఒక్కొక్కరి ప్లీహం మామూలుగానే ఒక్కో సైజులో ఉంటుంది.

ఎడమ పొట్ట పైభాగంలో హఠాత్తుగా నొప్పి, ఎడమ భుజం పైన నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు పడితే 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోయినా, సొంత ఉమ్మి కూడా మింగలేకపోయినా, గొంతు ఒక పక్కే వాచి నోరు తెరుచుకోకపోయినా, మెడ బిగుసుకుని తలనొప్పి విపరీతంగా ఉన్నా, కాళ్లలో గానీ ముఖంలో గానీ బలం తగ్గినా ఆగకూడదు. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెడితే పైన ఇంకో ఇన్‌ఫెక్షన్ చేరిందేమో చూపించుకోవాలి.

కాలేజీకి, పనికి తిరిగి వెళ్లడం

ఎక్కువమంది రెండు నుంచి నాలుగు వారాల్లో క్లాసుకు వెళ్లగలుగుతారు, నీరసం మాత్రం నెల, రెండు నెలలు వెంటాడుతుంది. రోజంతా మంచంలో పడుకోవడమూ మంచిది కాదు. జ్వరం పోయాక చదునైన చోట పది నిమిషాలు నడవండి. మర్నాడు ఒళ్లు తేలిగ్గా ఉంటే ఐదు నిమిషాలు పెంచండి, మర్నాడు కూలబడితే సగానికి తగ్గించి రెండు మూడు రోజులు అక్కడే ఉండండి. క్లాసులు మొదట పూటకే పెట్టుకోవాలి. పరీక్షలు దగ్గరుంటే రాత్రి మేలుకోవడం మానేసి, పొద్దున తాజాగా ఉన్న రెండు గంటల్లో కష్టమైన సబ్జెక్టు చదవడం నయం.

గదిలో ఒంటరిగా పెట్టాల్సిన అవసరం లేదు. వైరస్ ఉమ్ములో నెలల తరబడి వస్తూనే ఉంటుంది, కాబట్టి రెండు వారాలు దూరం ఉంచి ఊరుకుంటే లాభం లేదు. గ్లాసు, స్పూను, టూత్‌బ్రష్ విడిగా పెట్టుకోవడం, సీసా నీళ్లు ఎత్తి తాగడం, పసిపిల్లలను ముద్దులాడకపోవడం చాలు. పూర్తిగా కోలుకునేదాకా రక్తదానం వద్దు.

మెడ బిళ్లలు మెల్లగా కరుగుతాయి. ఆరు వారాలైనా తగ్గకపోతే, పెరుగుతుంటే, గట్టిగా కదలకుండా ఉంటే, కాలర్‌బోన్ పైన కొత్తది వస్తే, బరువు తగ్గుతూ రాత్రిళ్లు చెమటలు పడుతుంటే సూదితో పరీక్ష చేయించాలి. మన దగ్గర టీబీ బిళ్లలు మామూలు విషయం, లింఫోమా అనుమానం కూడా తీర్చుకోవాలి. నీరసం ఆరు నెలలు దాటితే మోనో మీదే నెట్టేయకుండా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూపించుకోండి, నిద్ర, దిగులు గురించి కూడా డాక్టర్‌తో చెప్పండి.