కార్తీకం వానలకు ముందే గోడౌన్ సర్దుకోండి: చెన్నైలో స్టోరేజ్ నడిపేవాళ్లకు

చెన్నైలో ఆయుధ పూజ అంటే ఏడాదికోసారి కొట్టు మొత్తం ఖాళీ చేసి, దులిపి, కడిగే రోజు. జనం సామాను దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే సెల్ఫ్ స్టోరేజ్ నడిపే మనకు ఆ రోజే ఆఖరి గడువు. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20కి అటూ ఇటూగా దిగుతాయి. ఊరికి ఏడాదికి పడే సుమారు 140 సెంటీమీటర్ల వానలో సగానికి పైగా అప్పటి నుంచి డిసెంబరు ఆఖరు లోపలే పడుతుంది. మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు జూన్‌లో గొడుగు వెతుక్కుంటారు. ఇక్కడ అసలు పని కార్తీక మాసంలో. అన్నట్టు, పూజకు కొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఆ సాయంత్రమే ఏరేయండి. నవ్వులాటకు చెప్పడం లేదు. మా వీధిలో ఒక ఏడు వాననీటి కాలువకు అడ్డం పడ్డవి ఆ ముక్కలూ, గుమ్మానికి కట్టి వదిలేసిన అరటి పిలకలే.

నేను ఈ వ్యాపారం మొదలుపెట్టింది వడపళని దగ్గర మొదటి అంతస్తులో, చిన్న చోట. రెండేళ్లు నిండుగా నడిచింది. దాంతో ధైర్యం వచ్చి పళ్లికరణై వైపు నేల మీద పెద్ద గోడౌన్ ఒకటి లీజుకు తీసుకున్నాను. లారీ సరాసరి షట్టర్ దాకా వస్తుంది, లిఫ్ట్ ఖర్చు లేదు, అద్దె కూడా తక్కువ. ఎందుకు తక్కువో నేను అడగలేదు. ఓనరు మాత్రం అడక్కుండానే చెప్పాడు, "ఇక్కడికి నీళ్లు రావు సార్" అని. గోడలకు నాలుగడుగుల ఎత్తు వరకు కొత్త రంగు, ఆపైన పాత రంగు. అది చూసి చక్కగా ఉంచారే అనుకున్నాను.

2023 డిసెంబరు 4 తెల్లవారుజామున మా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. శ్రీకాకుళం మనిషి. "బాబూ, షట్టర్ కాడ ఏటీ లేదు. బాత్రూంలోంచి వస్తన్నాయి నీళ్లు" అన్నాడు. షట్టర్ ముందు ఇసుక బస్తాలు మూడు వరసలు పేర్చి, బందోబస్తుగా ఉందని నిద్రపోయాను నేను. నీళ్లు కమోడ్‌లోంచి, నేల మీది జాలీలోంచి పొంగి వచ్చాయి. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది ఆ మర్నాడు. ఇక్కడ మాకు జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. లోపల నీళ్లు రెండున్నర అడుగులు నిలిచాయి.

నీళ్లు కింద నుంచి వస్తాయి

అందుకే మొదటి జాగ్రత్త కప్పుది కాదు, మురుగు పైపుది. బయటికి పోయే పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. వీధి మురుగు పొంగినా వెనక్కి తన్నకుండా అది ఆపుతుంది. ఉన్నవాళ్లు ఆ వాల్వ్‌ను విప్పి కడిగించాలి. లోపల చెత్త ఇరుక్కుంటే సగం తెరిచే ఉండిపోతుంది. వాల్వ్ లేకపోతే వాన మొదలయ్యే ముందు జాలీలకు రబ్బరు బిరడాలు కొట్టి, కమోడ్‌లో గోనెసంచి కుక్కి, పైన ఇసుక బస్తా పెట్టండి. చూడ్డానికి బాగోదు, కానీ పనిచేస్తుంది.

రెండోది పంపు. నేను సంప్‌లో మంచి మోటారే పెట్టించాను. నీళ్లు వచ్చిన గంటలోపే ఏరియా మొత్తం కరెంటు తీసేశారు. తీయాలి కూడా, లేకపోతే ప్రాణాలు పోతాయి. సరే, పెట్రోల్ పంపు తెచ్చామనుకోండి, తోడిన నీళ్లు ఎక్కడ పోస్తాం? వీధి కూడా చెరువే. తోడింది తోడినట్టు వెనక్కి వస్తుంది. జనరేటర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట: వాన పడుతోందని దాన్ని షట్టర్ లోపల పెట్టి నడపొద్దు. ఆ పొగకు వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

కాబట్టి ఆపడం మీద, తోడడం మీద పెట్టే డబ్బులో సగం ఎత్తు మీద పెట్టండి. సామాను కింద వేసే ప్లాస్టిక్ ప్యాలెట్ ఆరంగుళాల ఎత్తు కూడా ఉండదు. అది నేల చెమ్మ నుంచి కాపాడుతుంది, వరద నుంచి కాదు. చుట్టుపక్కల గోడల మీద పాత నీటి గుర్తు ఎక్కడుందో చూసుకుని, దానికి ఒక అడుగు పైన మొదటి అర వచ్చేలా ఇనుప ర్యాకులు వేయించండి. కింద మిగిలిన చోట ఏం పెట్టాలన్నది వేరే విద్య. స్టీలు సామాను, ఇత్తడి బిందెలు, ప్లాస్టిక్ కుర్చీలు తడిస్తే తుడుచుకోవచ్చు, అవి కిందికి. అట్టపెట్టె ఎన్నడూ అడుగున ఉండకూడదు. అడుగు పెట్టె నానితే పైనున్న అయిదూ కూలతాయి. పరుపును నిలబెడితే దీపపు వత్తి నూనె పీల్చినట్టు కింది నీళ్లను పైదాకా లాగేస్తుంది. ఫ్రిజ్ కంప్రెసర్ అడుగునే ఉంటుంది, ఎనిమిదంగుళాల సిమెంటు దిమ్మెలు రెండు వరసలు పేర్చి దాని మీద ఎక్కించండి. పాత టేకు మంచం నానినా ఎండి నిలబడుతుంది. ఇప్పటి రంపపు పొట్టు చెక్క బీరువాలు మాత్రం ఒక్క పూటకే ఉబ్బి పేలాలైపోతాయి.

కరెంటు బోర్డు, సీసీటీవీ రికార్డర్, ఇంటర్నెట్ పెట్టె భుజం ఎత్తుకు పైన ఉండాలి. షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది ఉందా, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా చూడండి. లిఫ్ట్ ఉన్నవాళ్లు రెడ్ అలర్ట్ రాగానే దాన్ని పై అంతస్తుకు తీసుకెళ్లి ఆపేయాలి. గుంతలో నీళ్లు నిండాక లిఫ్ట్ కిందికి దిగితే రిపేరు బిల్లు చూసి మనం దిగిపోతాం.

కప్పు సంగతి కూడా వదలొద్దు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఈ ఊళ్లో చెట్లతో పాటు రేకులనూ లేపుకుపోయింది. రేకుల బోల్టులు, వాటి కింద రబ్బరు వాషర్లు, నీరు పోయే దోనెలు ఒకసారి మనిషిని ఎక్కించి చూపించండి. దోనెలో రావి మొక్క మొలిచి ఉంటే వేళ్లతో సహా తీయించాలి.

తడవకుండానే పాడయ్యేవి

వరద మూడు నాలుగేళ్లకోసారి వస్తుందేమో, బూజు ప్రతి ఏడూ వస్తుంది. నవంబరులో షట్టర్ మూసి ఉంచితే లోపల గాల్లో తేమ ఎనభై శాతం దాటుతుంది. అరవై అయిదు దాటి కొన్నాళ్లు నిలిస్తే తోలు, పట్టు, పుస్తకాలు బూజు పట్టడం మొదలు. తేమ చూపించే చిన్న మీటరు కొని, మూలనున్న యూనిట్‌లో, అంటే అద్దెకిచ్చే గదిలో పెట్టి రోజూ రాసుకోండి. తేమ లాగే డీహ్యూమిడిఫయర్ అన్ని గదులకూ అక్కర్లేదు. బట్టలు, పుస్తకాలు, వాద్యాలు ఉన్నవాటిని ఒక వైపుకు చేర్చి అక్కడ నడిపితే కరెంటు బిల్లు తట్టుకోగలం. సామానుకూ గోడకూ మధ్య జానెడు సందు వదలండి. ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టేస్తే భద్రం అనుకుంటారు చాలామంది. వాన రోజున చుట్టితే ఆ తేమ లోపలే ఉండిపోయి, బీరువా తనకు తానే ఉడుకుతుంది. చుట్టే పని సెప్టెంబరులో పొడి ఎండ ఉన్నప్పుడు ముగించాలి.

దీపావళి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. "రెండు డబ్బాలే అండీ, పండగ రోజు తీసుకెళ్తాను" అని టపాసులు దాచమని అడిగేవాళ్లు ఉంటారు. మొహమాటపడొద్దు. గ్యాస్ సిలిండర్, పెట్రోలు తీయని బండి, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ కూడా వద్దనండి. నీళ్లలో మునిగిన లిథియం బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోగలదు. ఆవకాయ జాడీలకు కూడా నేను వద్దనే చెబుతాను. అమెరికా వెళ్తూ ఏడాదికి సరిపడా ఊరగాయ దాచిన ఒక కుటుంబం పుణ్యమా అని, మా దగ్గర చీమలూ ఎలుకలూ కాపురం పెట్టాయి.

తాళం ఎవరిది?

వరద వచ్చిన ఆ రోజు నన్ను ఎక్కువ ఏడిపించింది నీళ్లు కాదు, తాళాలు. పదకొండు యూనిట్లకు కస్టమర్లు వాళ్ల సొంత తాళాలు వేసుకున్నారు. లోపల సామాను ఎత్తిపెట్టడానికి మనుషులున్నారు, తెరిచే హక్కు లేదు. ఒకాయన న్యూజెర్సీలో, ఫోన్ తీయడు. వాచ్‌మన్ కట్టర్ పట్టుకుని "కోసేయమంటారేటి బాబూ" అని అడుగుతూ మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డాడు. నేను కోయమనలేకపోయాను. అందులో ఒక యూనిట్ కోడంబాక్కం నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మది. "బాబూ, ఆ చెక్కపెట్టె మాత్రం పైన పెట్టించు నాయనా" అని చేరిన రోజే చెప్పింది. తాళం వేసుకునే తొందరలో పెట్టె కిందే ఉండిపోయింది.

ఇప్పుడు నా అగ్రిమెంటులో ఒక పేరా ఉంది: వరద, మంట, పొగ లాంటి అత్యవసరంలో ఫోన్‌కు, మెసేజ్‌కు జవాబు రాకపోతే వీడియో తీస్తూ తాళం కోసి, సామాను జరిపి, కొత్త తాళం వేస్తాం. సంతకం పక్కనే ఈ ఊళ్లో ఉండే బంధువు నంబరు కూడా తీసుకుంటాం. మీ పాత కస్టమర్లందరితో సెప్టెంబరులోనే ఈ పేరా మీద సంతకం పెట్టించండి.

తాళం సంగతికి చట్టంలోనూ బరువుంది. కస్టమరే తాళం వేసుకుని, లోపల ఏముందో మీకు తెలియకపోతే మీరు చోటు వాడుకోనిచ్చినవాళ్లు. మీరే ప్యాక్ చేసి, జాబితా రాసి, తాళం మీ దగ్గర ఉంచుకుంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద అప్పగింత తీసుకున్నవాళ్లు. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సామానును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీ మీద ఉంటుందని ఆ చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. మన ఊళ్లో చాలామంది రెండూ కలిపి చేస్తున్నారు. మీరు ఏది చేస్తున్నారో లాయరు చేత రాయించుకోండి.

బీమా కూడా అంతే. ఒకే చోట ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉంటే 2021 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, తుఫాను, వరద అందులోనే వస్తాయి. కానీ మీ ర్యాకులకు, కంప్యూటర్‌కు మాత్రమే బీమా చేయించి కస్టమర్ సామానుకు కూడా ఉందనుకుంటే దెబ్బ తింటారు. ఇతరులు మీ దగ్గర ఉంచిన సరుకు అని పాలసీలో విడిగా రాసి ఉండాలి. విలువ బాగా తగ్గించి రాస్తే క్లెయిమ్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. దొంగతనానికి వేరే పాలసీ. ఇవన్నీ సెప్టెంబరులో చేసే పనులు. బంగాళాఖాతంలో సుడి కనిపించాక ఏజెంటుకు ఫోన్ చేస్తే ఆయన మర్యాదగా తప్పుకుంటాడు.

రెండో బ్రాంచి తొందర

వానల తర్వాత ఇళ్లు బాగుచేయించుకునేవాళ్లు సామాను పెట్టుకోవడానికి చోటు కోసం తిరుగుతారు. ఆ గిరాకీ చూసి ఆగస్టు, సెప్టెంబరులో కొత్త గోడౌన్ తీసుకోవాలనిపిస్తుంది. నా సలహా, వద్దు. టోకెన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ చోటును ఒక్క కార్తీకం వానలో మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి. మంచి చోటు చేజారిపోవచ్చు, పోనివ్వండి. నేను పోగొట్టుకున్నది పది నెలల అడ్వాన్సు కంటే ఎక్కువే.

ఆగలేకపోతే కనీసం ఓనరును కాకుండా వీధిని అడగండి. టీ కొట్టు, ఇస్త్రీ బండి, ఎదురింటి ముసలమ్మ, వీళ్లకు 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు ఏమైందో, 2023లో ఏమైందో గుర్తుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎత్తు దిమ్మె మీద పెట్టారా, పక్కిళ్ల గేటు దగ్గర కొత్తగా మెట్లు పెంచుకున్నారా చూడండి. ఊరి పేరులో ఏరి, తాంగల్ అని ఉంటే అది తమిళంలో చెరువు, కుంట అని అర్థం. అప్పుడు రోడ్డు కంటే గోడౌన్ నేల ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. గోడ కింది నాలుగడుగులకే కొత్త రంగు ఉంటే కారణం అడగండి. నా వరకు ఇప్పుడు లిఫ్ట్ ఉన్న మొదటి అంతస్తే. అద్దె కొంచెం ఎక్కువైనా, కొందరు కస్టమర్లు నేల మీదే కావాలని వెళ్లిపోయినా సరే.

అయినా నీళ్లు వస్తే

చెన్నై వాతావరణ కేంద్రం బులెటిన్ రోజూ చూడండి. ఆరెంజ్ అలర్ట్ వస్తే కొత్త సామాను తీసుకోవడం ఆపి, కింది అరలు ఖాళీ చేయిస్తాను. రెడ్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటవచ్చని. అప్పుడు కరెంటు మెయిన్ ఆపేసి వాచ్‌మన్‌ను కూడా పైకి పంపించేస్తాను. సామాను కోసం మనిషిని నీళ్లలో నిలబెట్టకూడదు. కార్పొరేషన్ ఫిర్యాదు నంబరు 1913, గోడ మీద పెద్దగా రాసి ఉంచండి.

నీళ్లు తీశాక ముందు ఫోటోలు, ఆ తర్వాతే చీపురు. ప్రతి యూనిట్ నంబరు, నీటి గుర్తు, తడిసిన సామాను కనిపించేలా తీసి, అదే రోజు బీమా వాళ్లకు, కస్టమర్లకు పంపాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు. బూట్లు లేకుండా దిగొద్దు. పళ్లికరణై చిత్తడి పక్కన కాబట్టి మాకు ఫ్రిజ్ వెనక పాము కూడా కనిపించింది. ఎంత పాడైపోయినా కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్క వస్తువూ పారేయొద్దు. టీచరమ్మ పెట్టెలో ఆవిడ పెళ్లినాటి ఉత్తరాలున్నాయి. మేం తడి కట్టలా ఎత్తి పక్కన పడేయబోయాం. ఆవిడ వచ్చి మొదటి అంతస్తులో ఫ్యాను కింద నాలుగు రోజులు ఒక్కొక్క కాగితం విడదీసి ఆరబెట్టుకుంది. కొన్ని చదవడానికి వస్తున్నాయి.

లీజును మధ్యలో వదలనివ్వని లాక్ ఇన్ గడువు వల్ల ఆ గోడౌన్ ఇంకా నా చేతిలోనే ఉంది. గోడ మీది నీటి గీతకు నేను రంగు వేయించలేదు. పక్కన తేదీ రాయించాను. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఆ గీత, తర్వాత దాని పైనున్న ర్యాకు అర చూపిస్తాను. కొందరు చూసి వెళ్లిపోతారు.